పదకొండు పేర్లు

బీజింగ్
మార్చి 16, 2008

ఒసే షూలాన్,

ఫోనులో నువ్వు "ఊఁ", "ఆఁ" తప్ప ఇంకో మాట మాట్లాడవు. మీ ఊళ్లో మన మాటలు వినేవాళ్లున్నారని నాకూ తెలుసులే. అందుకే ఉత్తరం. రైల్లో వేడినీళ్లు పోసే ఫాన్ అనే అమ్మాయి తెచ్చి ఇస్తుంది. జవాబు దాని చేతికే ఇవ్వు, పోస్టులో వేయకు.

ముందు నా గొప్ప వినవే. డెబ్భయ్యో ఏట మీ అక్కకి ఉద్యోగం వచ్చింది. చేతికి ఎర్ర పట్టీ కట్టి, వీధి మొదట్లో స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఒలింపిక్స్‌కి కాపలా అన్నమాట. ఇంగ్లీషులో మూడు ముక్కలు కూడా నేర్పారు. నేను "వెల్‌కమ్" అంటుంటే మా మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వింది. నువ్వు ఉండి ఉంటే నువ్వూ నవ్వేదానివి.

ఇక అసలు సంగతి. ఈ ఆటలు మన హాన్‌లిన్ కోసమే వస్తున్నాయని నాకనిపిస్తోంది. వెర్రిదాన్ననుకోకు. ఏడేళ్ల క్రితం ఈ ఆటలు మాకివ్వండి, మా దేశంలో అన్నీ బాగుపడతాయని లోకానికి మాటిచ్చి తెచ్చుకున్నారు. ఇరవై వేలమంది విలేఖరులు వస్తున్నారట. పై అంతస్తు శ్యే మాస్టారు ఏమన్నాడో తెలుసా? "కొరియాలో సైనికుల పెత్తనం ఒలింపిక్స్ ముందే కూలిందమ్మా. ఊరంతా చూస్తుంటే పెళ్లాన్ని కొట్టే మగాడెవడు?" అన్నాడు. ఆయన రేడియోలో అన్ని దేశాల కబుర్లూ వింటాడు.

నేను విలేఖరికి ఏం చెప్పాలో రాసి పెట్టుకున్నాను, తప్పులుంటే దిద్దు. "మా చెల్లెలి కొడుకు పేయ్ హాన్‌లిన్, వయసు ముప్ఫయ్యారు. బొగ్గు గనిలో దీపాల గది గుమస్తా. దిగేవాడికి దీపం ఇస్తాడు, పైకి వచ్చాక తీసుకుంటాడు. ప్రమాదం జరిగిన రోజు ఇరవై దీపాలు తిరిగి రాలేదు. తొమ్మిది మందే పోయారని గని వాళ్లు ప్రకటించారు. మిగిలిన పదకొండు మంది పనికని వేరే ఊరు వెళ్లి తప్పిపోయారని కాగితాలు పుట్టించారు. మావాడు ఆ పదకొండు మంది భార్యల చేత నిజం రాయించి వేలిముద్రలు వేయించాడు. అందుకు వాణ్ని శ్రమ శిబిరంలో పెట్టారు." బాగుందా? నలభై ఏళ్లు మిల్లులో మనుషుల ఫైళ్లు చూసినదాన్ని, రాతలో నాకు వంక పెట్టలేవు.

నీ అక్క,
గ్వేజెన్

షిగౌ
ఏప్రిల్ 9

అక్కా,

ఎర్ర పట్టీ సంగతి చదివి నవ్వాను. నవ్వి చాన్నాళ్లయింది. తర్వాత భయమేసింది.

మొన్న శిబిరానికి వెళ్లాను. ఆరు ఆవిరి రొట్టెలు పట్టుకెళ్తే కాపలావాడు ఆరింటినీ తుంచి తుంచి చూశాడు. హాన్‌లిన్ చేతికి ముక్కలే అందాయి. వాడు వాటినే నోట్లో వేసుకుంటూ "ఇటుకల బట్టీ దగ్గర పనమ్మా, చలికాలం వెచ్చగా గడిచింది" అన్నాడు. అంటూనే దగ్గాడు. నా ముందు దగ్గకూడదని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, మెడ నరాలు తాళ్లలా తేలాయి. పదహారు నెలల్లో మనిషి సగమయ్యాడు. నవంబరుతో రెండేళ్లు నిండుతాయి, కానీ ఇంకో ఏడాది పొడిగిస్తారట. ఇంకో చలికాలం వాడు దాటడక్కా.

వాళ్లకి కావలసింది ఒకటే. బయటికి వస్తుంటే ఆఫీసరు నన్ను పిలిచి, "మీవాడికి కాస్త బుద్ధి చెప్పమ్మా. ఆ పదకొండు పేర్లు, అంతే. పొద్దున చెబితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు" అన్నాడు. ఇరవైమంది పోయారని ఊరికంతా తెలుసు, అందులో పదకొండు మంది ఎవరో మాత్రం బయటివాళ్లకి తెలియదు. గనిలో సగంమంది అరువు పేర్లతో పని చేసే వలస కూలీలు, గని కాగితాల్లో ఉన్నవీ ఆ అరువు పేర్లే. తెలిసినవాడు దీపాలిచ్చినవాడొక్కడే. వాడేమో, "దీపాల గదిలో నంబర్లే ఉంటాయండి, పేర్లుండవు" అంటాడట. ప్రతిసారీ అదే మాట.

క్వార్టర్లలో ఉండే ఆడవాళ్లంతా గని సంగతులు ఎక్కడా మాట్లాడం అని గని వాళ్లకి రాసిచ్చి, ఆ ఒప్పందం మీదే ఉంటున్నారు. వేలిముద్రలు వేసింది ఎవరో తెలిస్తే ఏమవుతుందో నీకు చెప్పాలా? ఆ కాగితం ఎక్కడుందో నాకు తెలియదని పోలీసులతో చెప్పాను. నీకూ అదే చెబుతున్నాను.

మీ శ్యే మాస్టార్ని ఇంకో ప్రశ్న అడుగు. కొరియాలో ఆటలు మార్చాయా, వీధుల్లోకి వచ్చిన లక్షలమంది మార్చారా? మా వీధిలో ఎంతమంది వస్తారని?

షూలాన్

బీజింగ్
జూన్ 3

షూలాన్,

మాస్టార్ని అడిగాను. "మెక్సికోలో ఆటలకి పది రోజుల ముందు విద్యార్థుల్ని కాల్చేశారు కూడా" అని గొణిగి రేడియో సౌండు పెంచుకున్నాడు. ఈయనతో ఇదే గొడవ. ఒక చేత్తో ఆశ పెడతాడు, రెండో చేత్తో లాగేసుకుంటాడు.

నీకొక విషయం దాచాను. రైల్వేస్టేషను వెనక అర్జీలు పట్టుకుని దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు ఉండే గుడిసెలు ఉండేవి కదా, వాటిని ఖాళీ చేయించారు. మా వీధికి ఒక ముసలాయన పారిపోయి వచ్చాడు. మెడలో సంచి, సంచినిండా అర్జీలు. కొత్త మొహం కనిపిస్తే ఒక నంబరుకి ఫోన్ చేయాలని మాకు చెప్పి పెట్టారు. నేను చేయలేదు. పక్క స్టూలు మీద ఉన్నావిడ చేసింది. పది నిమిషాల్లో తెల్ల వ్యాను వచ్చింది. ఆయన నా ఎర్ర పట్టీ వంక చూసి "అమ్మా, మీరైనా చెప్పండి" అన్నాడు. నేను చెప్పలేదు. ఆ రోజు ఇంటికొచ్చి పట్టీ విప్పి మంచం కింద పడేశాను. మర్నాడు మళ్లీ కట్టుకున్నాను. కట్టుకోకపోతే ఎందుకని అడుగుతారు.

అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. విలేఖరులు ఇంకా రాలేదు, అందుకే ఇలా చేస్తున్నారు. వచ్చాక చేయలేరు. ఆటలు జరిగే ఆ పదిహేను రోజులే మనకున్నవి షూలాన్. ఆ తర్వాత ఎవరూ ఇటు తిరిగి చూడరు. వాడెలా ఉన్నాడు?

గ్వేజెన్

షిగౌ
జూన్ 27

అక్కా,

నిన్న వెళ్లాను. చేతిగుడ్డ దాచేశాడు. లాక్కుని చూశాను. నెత్తురు.

డాక్టరుకి చూపించమని ఆ ఆఫీసరు కాళ్లు పట్టుకున్నాను. నిజంగానే, నేల మీద కూర్చుని పట్టుకున్నాను. "పేర్లు, అమ్మా, పేర్లు. డాక్టరు గేటు బయటే ఉన్నాడు" అన్నాడు. హాన్‌లిన్ చూశాడు. "లే అమ్మా" అన్నాడు. వాడు నాతో అలా గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.

వచ్చేటప్పుడు బస్సులో అనుకున్నాను, నేనే చెప్పేస్తే? పదకొండు మంది నాకేమవుతారు? నేను కన్నది వీణ్ని ఒక్కణ్నే కదా. ఇంటికి చేరేసరికి వాళ్లలో ఒకతె, యావ్, నా తలుపు దగ్గర కూర్చుని ఉంది. మనవడికి గుడ్డ చెప్పులు కుడుతూ హాన్‌లిన్ కొలతకి కూడా ఒక జత కుట్టి తెచ్చింది. "మా పేర్లు మోస్తున్నాడు, కాళ్లు నొప్పెడతాయి" అంది. నేను లోపలికి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

నువ్వు చెప్పే ఆ పదిహేను రోజులు నిజంగా ఏమైనా చేయగలవా? ఒట్టేసి చెప్పు. నేనిప్పుడు ఏది చెప్పినా నమ్మే స్థితిలో ఉన్నాను.

షూలాన్

బీజింగ్
జూలై 24

చెల్లీ,

కూర్చుని చదువు.

నిన్న టీవీలో ప్రకటించారు. ఆటలు జరిగినన్నాళ్లూ బీజింగ్‌లో మూడు పార్కుల్లో జనం నిరసన తెలుపుకోవచ్చట. చట్టప్రకారమే. ముందుగా దరఖాస్తు పెట్టుకుని అనుమతి తీసుకుంటే చాలు. ఎవరో గుసగుసగా చెప్పింది కాదు, కోటు వేసుకున్న పెద్దమనిషి విదేశీ విలేఖరుల ముందు చెప్పాడు. నా చెవులారా విన్నాను. శ్యే మాస్టారు కిందికి దిగొచ్చి "నేను చెప్పలేదూ?" అన్నాడు. కళ్లలో నీళ్లు.

నేను పార్కులో నిలబడతాను. హాన్‌లిన్ ఫోటో పట్టుకుని నిలబడతాను. కానీ ఒక ముసలిది ఒంటరిగా నిలబడి గొణిగితే పిచ్చిదనుకుని పోతారు. నిజం రాసిన ఆ కాగితం కావాలి. కాగితం ఉందని నాకు తెలుసు షూలాన్. చిన్నప్పటి నుంచీ నువ్వు అబద్ధం చెబితే పొట్టి వాక్యాలు రాస్తావు.

పంపు. అసలు కాగితం వద్దు, నకలు చాలు. వాడు ఇంకో చలికాలం దాటడని నువ్వే రాశావు.

అక్క

షిగౌ
జూలై 30

అక్కా,

నకలు ఇందులో ఉంది. నా చేత్తో రాశాను. క్వార్టర్లలో ఇళ్లున్న వరసలోనే రాశాను, యావ్ మొదలు పెట్టి చివరి గది సోంగ్ దాకా. పదకొండు.

వాళ్లలో ఎవర్నీ అడగలేదు. అడిగితే కాదంటారని కాదు, సరే అంటారని భయమేసింది.

ఒక్క మాట విను. ఇది విదేశీ విలేఖరి కళ్లకే. అతను చదువుతాడు, నువ్వు వెనక్కి తీసుకుని కాల్చేస్తావు. ఏ ప్రభుత్వ కాగితం మీదా ఇందులో ఒక్క అక్షరం పడకూడదు. హాన్‌లిన్ దీని కోసం ఊపిరితిత్తులు ఇచ్చాడు. నేను దీన్ని వాడికి చెప్పకుండా ఇస్తున్నాను. మన అమ్మ మీద ఒట్టేసుకుని చదువు.

షూలాన్

బీజింగ్
ఆగస్టు 5

షూలాన్ తల్లీ,

దరఖాస్తు ఇచ్చేశాను.

రెండు గంటలు లైన్లో నిలబడ్డాను. లోపల చల్లగా ఉంది. కుర్రాడిలాంటి ఆఫీసరు లేచి కుర్చీ వేశాడు. "బామ్మగారూ, మంచినీళ్లు తాగుతారా, టీ తాగుతారా?" అన్నాడు. నా జన్మలో ఏ ఆఫీసులోనూ నన్ను అలా అడిగినవాడు లేడు. ఇవి మారిన రోజులు కాకపోతే మరేమిటి? ఫారం ఎనిమిది పేజీలు. ఎందుకు, ఎక్కడ, ఎంతసేపు, ఏ నినాదం, ఎవరెవరి తరఫున. నింపి ఇచ్చాక అతను పేజీలు తిప్పి, "ఇంత శుభ్రంగా రాసినవాళ్లని చూడలేదు" అన్నాడు. ఐదు రోజుల్లో కబురు చేస్తారట.

విలేఖరులు దొరకలేదు. హోటళ్ల దగ్గరికి మమ్మల్ని వెళ్లనివ్వడం లేదు. అనుమతి వస్తే వాళ్లే పార్కుకి వస్తారు. ఎల్లుండి కాక ఆ మర్నాడు ప్రారంభోత్సవం, వీధంతా రంగుకాగితాలు. నిశ్చింతగా ఉండు. ఇంత సంతోషంగా ఉండి చాలా ఏళ్లయింది.

అక్క

షిగౌ
ఆగస్టు 13

అక్కా,

సోమవారం తెల్లవారగానే మూడు వ్యాన్లు వచ్చాయి. మొదట యావ్ ఇల్లు. తర్వాత దాని పక్కిల్లు. తర్వాత గోడవారగా ఉన్న రెండు. మధ్యలో ఉన్న ఇళ్ల వైపు చూడను కూడా చూడలేదు. చివరికి సోంగ్. పదకొండు మంది. నేను రాసిన వరసలోనే అక్కా. నేను కిటికీలోంచి లెక్కపెట్టాను.

సోంగ్ పొయ్యి మీద జావ ఉందని, దించి వస్తానని అడిగింది. దించనివ్వలేదు. ఆ వాసన ఇంకా వస్తోంది.

నా ఇంటికి రాలేదు. ఎందుకు రాలేదో నాకర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. వాళ్లకి నాతో పని లేదు.

ఆ ఫారంలో ఏం రాశావు?

షూలాన్

బీజింగ్
ఆగస్టు 18

షూలాన్,

ఈ కాగితం మనవరాలి బడిసంచిలో ఫాన్ దగ్గరికి వెళ్తోంది. చేరుతుందో లేదో.

రాశాను. ఎనిమిదో పేజీలో "ఎవరి తరఫున, పేర్లు, చిరునామాలు" అని ఒక గడి ఉంది. ముందు ఖాళీగా వదిలాను, నిజంగా వదిలాను. ఆ కుర్రాడు టీ పోస్తూ, "బామ్మగారూ, ఇది ఖాళీగా ఉంటే పైవాళ్లు తిప్పి పంపేస్తారు. మళ్లీ ఐదు రోజులు. అప్పటికి ఆటలు సగమైపోతాయి" అన్నాడు. నలభై ఏళ్లు నేనూ ఆ మాటే అన్నాను షూలాన్. ఖాళీ గడి ఉన్న ఫారం కిటికీలోంచి ఎంతమంది మొహాన విసిరానో. ఖాళీగా వదలడం నాకు చేతకాలేదు. సంచిలోంచి నీ నకలు తీసి చూసి చూసి రాశాను. నీ ఒట్టు గుర్తుంది. గుర్తుండే రాశాను. ఇది మామూలు కాలం కాదు, లోకం చూస్తోంది, ఇప్పుడేం చేయరు అనుకున్నాను. అంతకంటే నాకు సాకు లేదు.

కబురు చేస్తానన్న ఐదో రోజున కబురు వచ్చింది. అనుమతి కాదు. ప్రజాశాంతికి భంగం కలిగించినందుకు ఏడాది శ్రమశిక్ష, వయసు చూసి ఇంట్లోనే గడపమన్నారు. లైన్లో నాతో నిలబడ్డవాళ్లెవరికీ అనుమతి రాలేదట. మూడు పార్కుల్లో ఒక్క మనిషి లేడని శ్యే మాస్టారు మెట్ల మీద చెప్పి, నన్ను చూసి నోరు మూసుకుని పైకి వెళ్లిపోయాడు. ఇప్పుడు నా గుమ్మం ముందు స్టూలు వేసుకుని నా పక్క స్టూలావిడే కూర్చుంది. నా పేరు పెట్టి కూడా పిలవడం లేదు.

కిటికీలోంచి కేకలు వినిపిస్తాయి. మనవాళ్లకి పతకం వచ్చినప్పుడల్లా ఊరంతా అరుస్తుంది. నేను చెవులు మూసుకుంటాను.

తిట్టు. తిట్టకపోతే నేను బతకలేను.

గ్వేజెన్

షిగౌ
ఆగస్టు 29

అక్కా,

తిట్టడానికి నాకు ఓపిక లేదు. ఉన్నది రాస్తాను.

ఇరవై నాలుగో తేదీన హాన్‌లిన్ వచ్చాడు. వాళ్లే వదిలేశారు. ముగింపు వేడుక టీవీలో వస్తోంది, తలుపు తట్టిన చప్పుడయింది, తీస్తే వాడు. బట్టల మూట చేతిలో ఉంది. "ఇక నీతో పని లేదు, పో అన్నారమ్మా. ఏమైంది?" అన్నాడు. నువ్వూ నేనూ రెండేళ్లుగా ఏ తలుపు చప్పుడు కోసం చచ్చామో ఆ చప్పుడే. నేను వాణ్ని ముట్టుకోలేకపోయాను.

చెప్పాను. అంతా చెప్పాను, నకలు, నీ ఫారం, గడి. వాడు గోడకి ఆనుకుని విన్నాడు. లేచి యావ్ ఇంటికి వెళ్లాడు. ఆమె అత్త తలుపు తీసి వాడి మొహాన ఉమ్మింది. "మా కోడల్ని ఇచ్చి నువ్వు బయటికొచ్చావా?" అంది. ఊరంతా అదే అనుకుంటోంది అక్కా. ఆడవాళ్లని పట్టుకెళ్లిన పదమూడో రోజున వీడు ఇంటికొచ్చాడు. ఇంకేమనుకుంటారు? ఉమ్మి తుడుచుకోకుండా పక్కింటికి వెళ్లాడు. అలా పదకొండు ఇళ్లూ తిరిగాడు.

"నిజం చెప్పరా, మీ పెద్దమ్మ రాసిందని చెప్పరా" అన్నాను. వాడు నా వంక చూసి, "రెండేళ్లు ఎవరి పేరూ చెప్పలేదు. ఇప్పుడు పెద్దమ్మ పేరు చెప్పమంటావా?" అన్నాడు.

మర్నాడు పోలీసు స్టేషనుకి వెళ్లి, నన్ను మళ్లీ తీసుకోండి, వాళ్లని వదలండి అన్నాడట. నవ్వి పంపించేశారు. అప్పుడిక నేను ఆగలేదు. గుమ్మం గుమ్మానికీ వెళ్లి నీ పేరు చెప్పాను, నా పేరు చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. "కొడుకు పరువు కోసం తోడబుట్టినదాన్ని అమ్ముకుంటోంది" అన్నారు. సోంగ్ మామగారు మాత్రం తలుపు వేయలేదు. "బీజింగ్‌లో ఉన్న డెబ్భై ఏళ్ల మనిషి, పోలీసులకి తనంతట తాను పేర్లు రాసిచ్చిందా? ఎవరైనా రాస్తారా అమ్మా?" అని అడిగాడు. నువ్వు రాసిన ఫారం ఒక్కటే సాక్ష్యం, అది వాళ్ల బీరువాలో ఉంది.

ఆటలు అయిపోయాయి, విలేఖరులు వెళ్లిపోయి ఉంటారు. ఇంక లోకం కోసం ఏమీ రాయకు. ఈ పదకొండు ఇళ్లకి రాయి. ఎందుకు రాశావో, ఎవరు టీ పోశారో, ఏ కలం వాడావో, అంతా రాయి. నమ్మరేమో, అయినా ప్రతి గుమ్మం ముందూ నిలబడి చదువుతాను. వాళ్లు వినకపోయినా చదువుతాను.

త్వరగా పంపు. వాడు నాలుగు రోజులుగా ముద్ద ముట్టడం లేదు. అడిగితే, యావ్ వచ్చాక తింటానంటున్నాడు.

షూలాన్